పేర్ల మాస్టారు

మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. ఒకరు పెట్టిన పేరు చచ్చినా మార్చరు. అది తప్పు పేరైనా సరే, అక్షరం ఎగిరిపోయిన పేరైనా సరే, పలికితే నాలుక మడత పడే పేరైనా సరే, “పెట్టినవాళ్ళు ఏదో అనుకునే పెట్టుంటారు. మధ్యలో మనమెవరం?” అంటారు.

సొంత విషయంలోనూ అంతే. ఉద్యోగంలో చేరిన కొత్తలో గుర్తింపు కార్డు అచ్చువేసినవాడు ‘ప్రోగ్రామరు’ అనబోయి ‘ప్లంబరు’ అని వేశాడు. మార్పించుకోండి మాస్టారూ అని అందరూ మొత్తుకున్నారు. ఆయన కార్డు మెళ్ళో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుని, “బాగానే ఉందిగా” అన్నారు. ఆ తరవాత మూడో అంతస్తులో కుళాయి కారినప్పుడల్లా ఆయనకే కబురు వచ్చేది. మొదట్లో వెళ్ళి చూసి, నిట్టూర్చి వచ్చేవారు. తరవాత ఒక పానా కొనుక్కున్నారు. కొన్నేళ్ళు తిరిగేసరికి ఆ భవనంలో ఆయన్ని మించిన ప్లంబరు లేడు.

ఇంటి ఓనరు ఆయన్ని అంతకుముందు అద్దెకున్నవాడి పేరుతో పిలుస్తాడు. మాస్టారు పలుకుతారు. ఆ పాత అద్దెదారుకి ఒకసారి పెళ్ళి సంబంధం వస్తే, ఈయనే వెళ్ళి పిల్ల తండ్రి ముందు చేతులు కట్టుకుని కూర్చుని, “నాకు ఇప్పట్లో పెళ్ళి ఉద్దేశం లేదండీ” అని మర్యాదగా చెప్పి వచ్చారట.

అసలు మారుపేరు కూడా అలా వచ్చిందే. ఆయన పనిచేసే కంప్యూటరు భాష పేరు పెర్ల్. గేటు దగ్గర వాచ్‌మన్‌కి అది ‘పేర్లు’ అని వినబడింది. “పేర్ల మాస్టారు మేడమీదుంటారు, వెళ్ళండి” అని వచ్చినవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు. అదే స్థిరపడిపోయింది.

ప్రమాదాల్లోనో జబ్బుల్లోనో కాలు పోగొట్టుకున్నవాళ్ళకి కొత్త కాలు చేసి, నడిపించి పంపే ఆస్పత్రి అది. కింద ప్లాస్టరు గది. పక్కన కాళ్ళు చెక్కే వర్క్‌షాపు, ఎప్పుడూ గాలిలో తెల్లటి దుమ్ము. ఆ పక్కన రెండు ఇనుప కడ్డీల మధ్య నడక నేర్పే గది, దాని చివర నిలువెత్తు అద్దం. మేడమీద కంప్యూటరు గది. పాత ప్రోగ్రాము తీసేసి కొత్తది పెట్టడానికి డైరెక్టరుగారు ఒక ఇంజనీరమ్మాయిని తీసుకొచ్చారు. చేరిన రోజున అందరూ ‘కొత్తమ్మాయి’ అన్నారు. ఏడాది దాటినా ఆమె కొత్తమ్మాయే.

“మాస్టారూ, మీరైనా మార్చొచ్చుగా?”

“పెట్టింది నేను కాదుగా అమ్మా.”

ఆమె మొదటి రోజే డేటాబేసు తెరిచి చూసి నోరెళ్ళబెట్టింది. టేబుళ్ళ, అంటే వివరాలు దాచే పట్టికల, పేర్లన్నీ తెలుగు మాటలు, రాసింది ఇంగ్లీషు అక్షరాల్లో.

“మాస్టారూ, ఈ ‘కల్లు’ ఏమిటి?”

“కల్లు కాదమ్మా.”

“సరే, కళ్ళు. మనది కాళ్ళ ఆస్పత్రి కదా, కళ్ళెందుకు?”

“కళ్ళూ కాదు. కాళ్ళు.”

“మరి ఇంగ్లీషులో ఒక ‘ఏ’ తక్కువైందిగా!”

“కాలే తక్కువైనవాళ్ళు వచ్చే చోటమ్మా. ఒక్క అక్షరానికి ఏం పట్టింపు?”

అక్కడితో ఆగితే బాగుండేది. పెర్ల్‌లో ఒక పనిముట్టు ఉంది. దాన్ని తీసుకెళ్ళి డేటాబేసు ముందు నిలబెడితే చాలు. లోపల ఏయే టేబుళ్ళున్నాయి, ఒక్కో టేబుల్లో ఏయే గళ్ళున్నాయి, ఏ టేబులు ఏ టేబులుకి ఏమవుతుంది అని పెళ్ళిళ్ళ పేరయ్యలా ఆరా తీసి, టేబులుకొక క్లాసు చొప్పున తనే రాసి పడేస్తుంది. క్లాసంటే ప్రోగ్రాములో ఆ టేబులు తరఫున వకాల్తా పుచ్చుకున్న ప్లీడరు అనుకోండి. ఫలానా రోగి వివరం కావాలంటే టేబులు గడప తొక్కక్కర్లేదు, ప్లీడరుని అడిగితే చెబుతాడు. మనిషి కూర్చుని చేత్తో రాస్తే నెలలు పట్టే పని అది. పనిముట్టు టీ చల్లారేలోగా ముగించేది.

కాకపోతే దానికి వచ్చింది ఇంగ్లీషొక్కటే. ఒకటికన్నా ఎక్కువ ఉన్నవాటికి చివర ‘స్’ తగిలించాలని ఎవరో నేర్పారు. అంచేత ప్రతి రోగికీ ‘కాళ్ళుస్’ ఉంటాయని రాసింది. ‘చెప్పులుస్’ అంది. ‘కొలతలుస్’ అంది. ఆ మాటలు మేడ దిగి ఆస్పత్రంతా పాకాయి.

“ఏమయ్యా, కాళ్ళుస్ ఆరాయా?” అని వర్క్‌షాపు నుంచి కేక.

“ఒక కాళ్ళుస్ ఆరింది, రెండో కాళ్ళుస్ తడిగానే ఉంది,” అని ప్లాస్టరాయన జవాబు.

ఒకసారి పెద్దలెవరో ఆస్పత్రి చూడ్డానికి వస్తే, డైరెక్టరుగారు గంభీరంగా గొంతు సవరించుకుని, “ఈ ఏడాది మనం అమర్చిన కాళ్ళుస్...” అని, నాలిక్కరుచుకుని, దగ్గుతో సర్దేశారు.

“ఒక్క లైను రాస్తే పోతుంది మాస్టారూ,” అంది కొత్తమ్మాయి. “స్ తగిలించకు అంటే మానేస్తుంది.”

“పాపం, దానికి వచ్చిన వ్యాకరణం అదొక్కటేనమ్మా. అదీ లాగేసుకుంటే ఏం మిగుల్తుంది?”

ఇంకో విచిత్రం. ఆ క్లాసులు పుట్టించడమైనా మాస్టారు ఒకసారి చేసి ఊరుకునేవారా అంటే, లేదు. రోజూ పొద్దున్నే, ఊడ్చే మనిషికన్నా ముందు వచ్చి, నిన్నటి క్లాసులన్నీ పారేసి మళ్ళీ మొదట్నుంచీ పుట్టించేవారు. సెలవన్నది ఎరగరు. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని వచ్చేవారు. మేనల్లుడి పెళ్ళినాడు కూడా పొద్దున్నే ఆఫీసుకొచ్చి, క్లాసులు పుట్టించి, పరుగెత్తుకుంటూ పెళ్ళికి వెళ్ళి, ఫొటోలో అందరికన్నా వెనక రొప్పుతూ నిలబడ్డారు.

“టేబుళ్ళు అవే అయినప్పుడు రోజూ పుట్టించడం దేనికండీ? ఒకసారి చేసి దాచుకుంటే చాలదూ?”

“నువ్వు రోజూ మొహం ఎందుకు కడుక్కుంటావు? నిన్నటి మొహమేగా?”

కొత్తమ్మాయికి ఒళ్ళు మండింది. డైరెక్టరుగారు ఆమెకి అప్పజెప్పిన పని సరిగ్గా దీనికి ఎదురు. పేర్లు శుభ్రం చెయ్యాలి, అనవసరపు టేబుళ్ళు తీసెయ్యాలి, ఆపైన ఎవరూ కొత్త టేబులు చెయ్యకుండా డేటాబేసుకి తాళం వెయ్యాలి. తీసెయ్యాల్సినవాటికి లోటు లేదు. కొలతలకే ఎన్నో టేబుళ్ళు. ‘కొలతలు’ ఉంది. ‘కొలతలు కొత్త’ ఉంది. ‘కొలతలు అసలు’ ఉంది. ‘కొలతలు ఇదే అసలు’ ఉంది. ఇంకొకదాని చివర ‘మార్చి పోకు’ అనో ఏదో ఉంది. మార్చి నెలలో పెట్టింది కాబోలు అనుకుంది.

“ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?”

“రికార్డుల అక్కయ్యగారు.”

“ఇన్ని ఎందుకు చేశారు?”

“ఆవిడ ఇష్టం. ఆ డేటాబేసుకి తల్లి ఆవిడ. పిల్లల్ని ఎందుకు కన్నావని తల్లిని అడుగుతామా?”

నిజంగా తల్లే. మాస్టారు రాకముందు, ఆస్పత్రిలో కంప్యూటరు మనిషంటూ ఎవరూ లేని కాలంలో, రికార్డుల అక్కయ్య ఒక లావుపాటి పుస్తకం ముందేసుకుని, ఒక్కో పేజీకి ఒక్కోసారి ఏడుస్తూ, తనే నేర్చుకుని ఆ టేబుళ్ళన్నీ కట్టింది. కింద కిటికీ వెనక కూర్చుని వచ్చినవాళ్ళ వివరాలు రాసుకునేదీ, టేపుతో కొలతలు తీసేదీ ఆవిడే. కళ్ళజోడు ముక్కు కొసకి జారి ఉండేది. “పేరు చెప్పండి” అని ఆవిడ గద్దిస్తే ఎంతటివాడికైనా సొంత పేరు ఒక్క క్షణం గుర్తొచ్చేది కాదు. కారిడార్లో నడిచే చప్పుడు విని, తలెత్తకుండానే, “బాబూ, నీ కాలికి మరలు వదులయ్యాయి, వర్క్‌షాపుకి పో” అనేదట. కొత్తమ్మాయి వచ్చేనాటికి ఆవిడ అంత చురుగ్గా లేదు. వయసు మీదపడింది, రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాయి అనుకున్నారు.

ఇలా ఉండగా మూడో అంతస్తు కుళాయి మళ్ళీ కారింది. మాస్టారు పానా పుచ్చుకుని స్టూలెక్కారు. స్టూలు ఒక వైపుకి, మాస్టారు ఒక వైపుకి పోయారు. చీలమండ దగ్గర ఎముక విరిగింది.

ప్లాస్టరాయన ముఖం వెలిగిపోయింది. “ఇన్నేళ్ళకి నా చేతికి చిక్కారు మాస్టారూ! ఎంత మందం వెయ్యమంటారు?”

“పలచగా వెయ్యవయ్యా, రేపు మెట్లెక్కాలి.”

“ఎక్కుతారెక్కుతారు! రెండు పొరలు ఎక్కువే వేస్తాను.”

కార్లో కూర్చోబెడుతుంటే మాస్టారు కొత్తమ్మాయి చెయ్యి పట్టుకున్నారు. నొప్పికి మొహం పాలిపోయి ఉంది. “రేపు పొద్దున్నే వచ్చి క్లాసులు పుట్టించమ్మా. ఎవరూ రాకముందే.”

“అలాగేనండీ,” అంది ఆమె, జబ్బుమనిషితో వాదన ఎందుకని. ఒక్క రోజులో డేటాబేసు ఎక్కడికి పోతుంది? మర్నాడు మామూలు టైముకే వచ్చింది.

వచ్చేసరికి కింద కిటికీ దగ్గర గొడవ. కుట్టుమిషను తొక్కి బతికే దర్జీ ఒకాయన, చంకకింద కర్రతో నిలబడి ఉన్నాడు. నిన్న సాయంత్రం కొలతలిచ్చాడు. ఇవాళ కాలికి ప్లాస్టరు అచ్చు తీయాలి. కంప్యూటరులో ఆయన పేరుంది, కొలతలు లేవు.

“మీరు కొలతలిచ్చారా?” అంటోంది అక్కయ్య.

“అదేమిటమ్మా! తీసుకుంది మీరేగా! మీ టేపు కనబడకపోతే నా టేపే ఇచ్చాను. ఇదిగో, నా మెళ్ళోనే ఉంది చూడండి.”

“నేనా?” అక్కయ్య నవ్వింది. నవ్వు ముగిసినా పెదాలు అలాగే ఉండిపోయాయి. బల్లమీద కాగితాలు అటువి ఇటు, ఇటువి అటు సర్దుతోంది. దర్జీ ఆ చేతులకేసి చూసి, వెళ్ళి బెంచీమీద కూర్చున్నాడు.

కొత్తమ్మాయి మేడెక్కి డేటాబేసు తెరిచింది. నిన్న లేని టేబులొకటి ఉంది. దర్జీ కొలతలు అందులో ఉన్నాయి, నిన్న సాయంత్రం వచ్చిన మిగతావాళ్ళవీ ఉన్నాయి. టేబులు పేరు ‘కొలతలు ఎక్కడ’.

గబగబా కిందికి వచ్చింది. “అక్కయ్యగారూ, నిన్న మీరు కొత్త టేబులు చేశారా?”

“లేదే. నేనెందుకు చేస్తాను? కొలతల టేబులు ఉందిగా.” అక్కయ్య ఆగింది. కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుంది. సంతలో చెయ్యి వదిలేసిన పిల్లలా చూసింది. “ఉంది కదూ?”

“ఉందండీ,” అంది కొత్తమ్మాయి. “ఉంది. నేనే సరిగ్గా చూసుకోలేదు.”

పైకి వచ్చి క్లాసులు పుట్టించింది. దర్జీ కొలతలు తెరమీదకి వచ్చాయి. ప్లాస్టరు గదిలోకి వెళితే, ప్లాస్టరాయన ఆ అంకెలు పక్కన పెట్టుకుని, మళ్ళీ తన టేపుతో దర్జీ తొడ కొలుస్తున్నాడు.

“కొలతలున్నాయిగా, మళ్ళీ ఎందుకు?”

ఆయన తల తిప్పకుండానే, “ఎప్పట్నుంచో ప్రతి ఒక్కరికీ మళ్ళీ కొలుస్తూనే ఉన్నానమ్మా,” అన్నాడు. “మాస్టారు కొలవమన్నారు. మంచిదే కదా, ఒకటికి రెండుసార్లు.”

మళ్ళీ తెర ముందుకొచ్చి కూర్చుని ఆ పేర్లన్నీ వరసగా చదువుకుంది. కొత్త. అసలు. ఇదే అసలు. మార్చి నెల అనుకున్నది మార్చి కాదు. మర్చిపోకు. ‘కొలతలు మర్చిపోకు.’ తనకి తాను చెప్పుకున్న మాట. ఇన్నాళ్ళూ వాటిని చూసి పడీపడీ నవ్వింది తను.

సాయంత్రం మాస్టారింటికి వెళ్ళింది. ఒకటే గది. మాస్టారు కుర్చీలో కూర్చుని, ప్లాస్టరు కాలు మంచమ్మీదకి చాపుకుని ఉన్నారు. ఆమె మొహం చూడగానే, “పుట్టించలేదు కదూ?” అన్నారు.

“లేదండీ.”

“ఆవిడ ఏమైనా కంగారుపడిందా?”

“పడ్డారు. మాస్టారూ, ఇది ఎప్పట్నుంచి?”

“మొదట్లో ఏ ఆర్నెల్లకో ఒక టేబులు చేసేది. ఉన్నది గుర్తుండక, ఇదేమిటి కొలతల టేబులు లేదేమిటి అనుకుని, చేసేది. తరవాత నెలకొకటి. ఇప్పుడు ఏ సాయంత్రం చేస్తుందో తెలీదు. చేత్తో రాసిన ప్రోగ్రాము అయితే తెల్లారేసరికి కొలతలు గల్లంతవుతాయి. ఎవరు చేశారని పంచాయతీ పెడతారు. రోజూ పుట్టిస్తే గొడవ లేదు. ఆవిడ రాత్రికి రాత్రి ఎన్ని చేసినా, పొద్దున్నకి ప్రోగ్రాము అన్నిటినీ గుర్తుపడుతుంది.”

“అన్నిట్లోంచీ ఎలా తెస్తుంది?”

“పుట్టించిన ఫైల్లో ఒక గీత ఉంటుంది చూడు. పైనున్నది పనిముట్టుది, రోజూ మారుతుంది. కిందున్నది మనం రాసుకున్నది, దాన్ని అది ముట్టుకోదు. కింద నేనొక్కటే రాశాను. కొలతలని పేరున్న ప్రతి టేబులూ వెతుకు, ఆ మనిషి ఎక్కడుంటే అక్కణ్ణుంచి పట్టుకురా అని.”

“డాక్టరుకి చూపించారా?”

“వాళ్ళ చెల్లెలూ నేనూ తీసుకెళ్ళాం. మందులిచ్చారు. తగ్గేది కాదన్నారు. బయటికొచ్చాక ఆవిడ నన్ను ఒకటే అడిగింది. మాస్టారూ, ఆఫీసు మాన్పించకండి, అక్కడన్నీ నేను పెట్టిన పేర్లే, ఇంటికి దారి తప్పినా అక్కడ తప్పను అంది.” మాస్టారు కండువాతో మొహం తుడుచుకున్నారు. “మరి ఆ పేర్లు ఎలా మార్చమంటావు చెప్పు?”

కొత్తమ్మాయి లేచి, కూజాలో నీళ్ళు నింపి ఆయనకి అందేట్టు పెట్టి వచ్చేసింది.

మర్నాటి నుంచీ ఊడ్చే మనిషికన్నా ముందు వచ్చింది ఆమె. క్లాసులు పుట్టించేది, కొత్త టేబులుంటే చూసుకునేది, కిందికి వెళ్ళి ప్లాస్టరాయనకి కళ్ళతోనే సైగ చేసేది. డైరెక్టరుగారు పిలిపించారు.

“తాళం ఎప్పుడు వేస్తున్నావమ్మా?”

“చిన్న చిక్కుంది సార్.”

“ఏమిటది?”

“కాళ్ళుస్ సమస్య తేలలేదు సార్.”

“ఒక స్ తీసెయ్యడానికి ఇన్నాళ్ళా?”

“లోతుగా పాతుకుపోయింది సార్. ఒకటి లాగితే చెప్పులుస్ కూడా ఊడొస్తున్నాయి.”

డైరెక్టరుగారు అనుమానంగా చూశారు. ఈ పిల్లకి మాస్టారి గాలి సోకింది అనుకుని వదిలేశారు.

అలా ఎన్నాళ్ళో నడవలేదు. మాస్టారు చంకకర్రలతో ఆఫీసుకి వచ్చిన వారంలోనే, ఒక మధ్యాహ్నం అక్కయ్య కిటికీ దగ్గర కనిపించలేదు. కొత్తమ్మాయి వెతుక్కుంటూ వెళితే నడక గదిలో ఉంది. ఇనుప కడ్డీల మధ్య నడుస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి ఉన్నారు. అక్కయ్య నిలువుటద్దం ముందు నిలబడి, చేతిలో పెన్నుతో, అద్దంలో మనిషిని అడుగుతోంది.

“పేరు చెప్పండి.”

జవాబు లేదు.

“మిమ్మల్నేనమ్మా. ఇందాకట్నుంచీ నిలబడ్డారు. పేరు చెబితే కదా రాసుకునేది?”

అక్కయ్య గొంతు తగ్గించి, జాలిగా, “గుర్తు రావడం లేదా? ఫరవాలేదు. కంగారుపడకండి. నెమ్మదిగా చెప్పండి,” అంది.

కొత్తమ్మాయి వెనక నుంచి కర్రల టకటక వినబడింది. మాస్టారు వచ్చి అక్కయ్య పక్కన నిలబడి అద్దంలోకి చూశారు.

“ఈవిడ పేరు చెప్పడం లేదు మాస్టారూ.”

“మన మనిషేనండీ. బాగా అలిసిపోయింది పాపం. మీరే ఒక పేరు పెట్టి రాసుకోండి.”

అక్కయ్య ఆలోచించింది. “అక్కయ్య అని రాస్తాను. పెద్దదానిలా ఉంది.”

“రాయండి. సరిపోతుంది.”

ఆ సాయంత్రం డైరెక్టరుగారికి మాస్టారే అంతా చెప్పారు. ఆయన కేకలెయ్యలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, “నాకు ముందే చెప్పుంటే బాగుండేది,” అని మాత్రం అన్నారు. నెలాఖరుకి అక్కయ్యని పంపించారు. సభా సన్మానం ఏమీ పెట్టొద్దని చెల్లెలు అడిగింది. వర్క్‌షాపువాళ్ళూ ప్లాస్టరాయనా గేటుదాకా వెంట వెళ్ళారు. అక్కయ్య అందరికీ చెయ్యి ఊపి, “రేపు తొందరగా రండి, చాలామంది వస్తారు,” అని చెప్పి కారెక్కింది. ప్లాస్టరాయన తెల్లటి చేతులతో కళ్ళు తుడుచుకుని, రోజంతా బూడిద పూసుకున్నవాడిలా తిరిగాడు. ఆ రోజు ఎవరూ ‘కాళ్ళుస్’ అనలేదు.

కొత్త ప్రోగ్రాము వచ్చింది. కొత్తమ్మాయే పేర్లన్నీ సరిచేసింది. మాస్టారు అడ్డు చెప్పలేదు. “ఇప్పుడు ఆవిడ వెతుక్కోదుగా” అన్నారు. తాళం పడింది. క్లాసులు ఒకసారి పుట్టాయి, అలాగే ఉన్నాయి.

అప్పట్నుంచీ మాస్టారు మటుకు పొద్దున ఆఫీసుకి ముందు వచ్చేది పోయి, ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. ఒకనాడు నవ్వుకుంటూ వచ్చారు. ఒకనాడు చెంప రుద్దుకుంటూ వచ్చారు.

“ఎక్కడికెళ్ళొస్తున్నారు మాస్టారూ?”

“అక్కయ్యగారింటికి. పొద్దుటిపూట ఆవిడకి భయంగా ఉంటుందిట. చెల్లెలు కాస్త వంట చేసుకునేదాకా కూర్చుంటాను.”

“గుర్తుపడతారా మిమ్మల్ని?”

“రోజూ గుర్తుపడుతుంది! రోజుకొకడిగా గుర్తుపడుతుంది. మొన్న పోస్ట్‌మాన్ని. ఉత్తరం ఏదని అడిగితే మధ్యాహ్నం బట్వాడాలో వస్తుందన్నాను. నిన్న చెల్లెలి మొగుణ్ణి. ఆ చెల్లెలికి పెళ్ళే కాలేదు, పాపం వంటింట్లోంచి బయటికి రాలేదు. ఇవాళ బస్సు కండక్టర్ని, చిల్లర ఇవ్వలేదని ఒక్కటిచ్చింది.”

“నేను ఫలానా అని ఒక్కసారైనా చెప్పరా?”

మాస్టారు ఆశ్చర్యంగా చూశారు. “ఆవిడ పెట్టిన పేరేగా అమ్మా. మార్చడం దేనికి?”

మర్నాడు కొత్తమ్మాయి కూడా వెంట వెళ్ళింది. అక్కయ్య వరండాలో ఎండ పడేచోట కూర్చుని ఉంది. చిక్కిపోయింది. వీళ్ళ అడుగుల చప్పుడుకి మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, బిక్కుబిక్కుమంటూ చూసింది. మాస్టారు మెట్టుమీద చతికిలబడి, ఇవాళ తను ఎవరో తెలిసేదాకా నోరెత్తకుండా ఎదురుచూశారు. కానీ అక్కయ్య కళ్ళు ఆయన్ని దాటి కొత్తమ్మాయి మీద ఆగాయి. కాసేపటికి ఆ మొహంలోకి రంగొచ్చింది. చటుక్కున లేచి నిలబడి చేతులు కట్టుకుంది.

“టీచరుగారూ! నమస్కారమండీ.”

కొత్తమ్మాయి మాస్టారికేసి చూసింది. ఆయన కనుబొమలెత్తి, కానియ్యి అన్నట్టు తలాడించారు.

“నమస్కారం. కూర్చోమ్మా,” అంది కొత్తమ్మాయి.

“నాకు లెక్కల్లో తక్కువ మార్కులు వేశారండీ. అన్నీ కరెక్టుగానే చేశాను. ఇంట్లో తిట్టారు.” అంది అక్కయ్య. ఎప్పటిదో ఆ దిగులు నిన్న మొన్నటిదంత పచ్చిగా ఉంది.

కొత్తమ్మాయి కింద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. “తప్పు నాదేనమ్మా. మళ్ళీ దిద్దాను. ఇప్పుడు నీకు ఎన్నొచ్చాయో తెలుసా?”

“ఎన్నండీ?”

కొత్తమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అంకె తోచలేదు. నోటికొచ్చింది అనేసింది. “నూటికి నూట పది.”

అక్కయ్య చెయ్యి వెనక్కి లాక్కుంది. ముక్కుమీద లేని కళ్ళజోడు పైకి తోసుకుని, ఎగాదిగా చూసింది.

“నూటికి నూట పది ఎలా వస్తాయండీ? అసలు మీకు లెక్కలొచ్చా?”

మెట్టుమీద మాస్టారు కండువా నోట్లో కుక్కుకున్నారు. వంటింట్లోంచి చెల్లెలి నవ్వు ఫక్కున వినబడింది. అక్కయ్య వాళ్ళిద్దర్నీ పట్టించుకోలేదు. “ఇలా కూర్చోండి, నేను చెబుతాను,” అని టీచరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో వేలూ ముడుస్తూ, ఒకటి నుంచి మొదలుపెట్టింది.